ఆర్టీఐ పెట్టేవాళ్లు ఫైలు చూపించమని అడగండి

2005 సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ), 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు... ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. ఆరేళ్లుగా మా మున్సిపాలిటీకి దరఖాస్తులు పెడుతున్నాను, మొత్తం తొమ్మిది. నేను ఇంకా పెడుతున్నానంటే కారణం ఒక్కటే, సెక్షన్ 2(జె). జవాబు రాసివ్వక్కర్లేదు, ఫైలు నా ముందు పెట్టండి చాలు అని అడగొచ్చు.

మా వీధి చివర కాలువ మీద పలక విరిగింది. ఫిర్యాదుల యాప్‌లో ఫొటోతో సహా పెట్టాను. 11వ రోజున ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్. వెళ్లి చూస్తే పలక అలాగే ఉంది, ఎవరో పుణ్యాత్ముడు ఎండుకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ ‘పరిష్కరించారు’. ఒళ్లు మండి, ‘పని చేయకుండా ఎందుకు క్లోజ్ చేశారు?’ అని ఆర్టీఐ వేశాను. 29వ రోజున జవాబొచ్చింది, ‘ఎందుకు’ అనేది సమాచారం కిందకి రాదట. తిట్టుకున్నాను గానీ రూలు వాళ్లవైపే ఉంది. రికార్డులో ఉన్నదే ఇస్తారు, లేని కారణం రాసివ్వరు.

ఫైలు సంగతి చెప్పింది పోస్టాఫీసు క్యూలో నా వెనకున్న పెద్దాయన. ఈసారి నోట్ ఫైలు (ఆ పని మీద అధికారులు రాసుకున్న నోట్లు), ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) చూస్తానని రాశాను. మంగళవారం పదకొండింటికి రమ్మన్నారు. మొదటి గంటకి డబ్బు తీసుకోరు, నాకు 20 నిమిషాలు కూడా పట్టలేదు. ఎం-బుక్‌లో పలక పొడవు, వెడల్పు, మందం శుభ్రంగా రాసి ఉన్నాయి. బిల్లూ పాసైంది. దొరికారు దొంగలు అనుకుంటూ పేజీ తిప్పితే ఫొటో. కొత్త పలక, వెనక ఆకుపచ్చ గేటు. ఆ గేటు నాకు తెలుసు. మా కాలనీలో రెండో లైను అనే వీధులు రెండున్నాయి, పాత లేఅవుట్‌లో ఒకటి, కొత్తదాంట్లో మాది. పని నిజంగానే జరిగింది, పాతదాంట్లో. జూనియర్ అసిస్టెంట్ కుర్రాడు ఫొటో తనవైపు తిప్పుకుని, ‘‘అయ్యో, ఇది పాత లైను కదండీ’’ అన్నాడు. నా ముందే వర్క్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు. వీధంతా చెప్పుకొచ్చిన నా అవినీతి కథ అక్కడే నీరుగారిపోయింది.

పలక పడటానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది, అది వేరే సంగతి. ఆ ఊపులో ‘10 రూపాయలతో పనైపోతుంది’ అని చాలామందికి చెప్పాను. ఆటోలు, పోస్టు, కాపీలు కలిపితే ఆ మాట నిలబడదు. తర్వాతి వాటిలో రెండింటికి గడువు దాటినా జవాబే లేదు. అప్పుడు కాపీలు ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతుంది, మొదటి అప్పీలులో అదే రాశాను. ఒకటి కదిలింది, రెండోది నడుస్తూనే ఉంది. ఇక ఫైలు చూడటమూ మనిషిని బట్టే. ఆ కుర్రాడు బదిలీ అయ్యాక వచ్చినాయన ఫైలు బల్లమీద పెట్టి, చెయ్యి దానిమీదే ఉంచి కూర్చున్నాడు.

నేను రిటైరైనవాణ్ణి, పగలు ఖాళీ, ఆఫీసు ఇంటికి దగ్గర. ఒకరోజు కూలి పోగొట్టుకుని వెళ్లాల్సినవాళ్లకి ఇదే చేయమని చెప్పలేను. వెళ్లేవాళ్లు మాత్రం దరఖాస్తులో వీధి పేరుతో ఆగకుండా దగ్గర్లోని ఇంటి నంబరు కూడా రాయండి. కళ్లజోడు మర్చిపోకండి, ఎం-బుక్‌లో రాత చీమల బారులా ఉంటుంది.