రోజుకో నీటి కవిత: నానీయా, ఆటవెలదా?

విశాఖలో రామకృష్ణా బీచ్ అలలపైనో, ముడసర్లోవ జలాశయం నీటిపైనో రోజుకొక చిన్న కవిత రాయదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది రూపం: నానీ అనే చిన్న వచన కవితా, ఆటవెలది అనే ఛందోబద్ధ పద్యమా అని. ఖర్చు రెండింటికీ ఒక నోటు పుస్తకమే.

శ్రమలో మాత్రం చాలా తేడా ఉంది. ఆచార్య ఎన్. గోపి రూపొందించిన నానీకి నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు అన్నదే కొలత. ఆటవెలది గణాలతో నడుస్తుంది; గణమంటే లఘువుల (పొట్టిగా పలికే అక్షరాల), గురువుల (సాగదీసో ఊనిచ్చో పలికే అక్షరాల) కూర్పు. దానికి బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు లఘువులు, లేదా గురువు వెంట లఘువు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల మరో ఆరు కూర్పులు), సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు, పైగా నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, కుదరాలి. పాదాలన్నిటా రెండో అక్షరం ఒకే హల్లుతో ఉండాలన్న ప్రాస నియమం లేకపోవడం కొంత ఊరట. ‘కడలి’, ‘నీరు’ సూర్యగణాలుగా సులువుగా ఇమిడిపోతాయి గానీ, ‘సముద్రం’లో లఘువు వెంట రెండు గురువులు వస్తాయి, ఈ గణాలేవీ అలా మొదలుకావు కనుక పద్యాన్ని ఆ మాటతో ఎత్తుకోలేము. ఇటువంటి చిక్కులే నీటికున్న పాత పేర్లను వెతికిస్తాయని నా అభిప్రాయం.

నానీలో పదో రోజుకే అల కన్నీరుగా, తీరం ఎదురుచూపుగా మారిపోయే ప్రమాదముంది. ఆటవెలదిలో గణం నింపడానికి వ్యర్థపదాలు చేరతాయి.

ఉద్యోగానికి వెళ్తూ బస్సులో రాసుకునేవారికి నానీ నప్పుతుంది. ఉదయం గంటసేపు తీరిక, ఛందస్సుతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారు ఆటవెలదిని ఎంచుకోవచ్చు.