వెనిస్‌లో చేప తినబోయేవాళ్లకు హెచ్చరిక: ధర పక్కనున్న చిన్న అక్షరం చూడండి

రాత్రి ఒంటిగంట దాటింది. అమ్మా నాన్నా పడుకున్నారు, నాకు నిద్ర రావడం లేదు. పెద్దవాళ్లను వెనిస్ తీసుకొచ్చే తెలుగువాళ్లు దయచేసి ఇది చదవండి.

పగలంతా బాగానే గడిచింది. శాన్ మార్కో చర్చిలో బంగారు మొజాయిక్ పైకప్పును చూస్తూ అమ్మ మెడ దించలేదు. పక్కనున్న గంటగోపురం 1902లో కుప్పకూలితే 1912 నాటికి అదే చోట, అదే రూపంలో మళ్లీ నిలబెట్టారని చెబితే నాన్న దాని చుట్టూ తిరిగి చూశారు. గొండోలా పడవకు పగలు అరగంటకు 90 యూరోలు. అది వద్దు, ఆ డబ్బుతో రాత్రి మంచి భోజనం చేద్దామని నేనే అన్నాను.

రియాల్టో వంతెన దగ్గర కాలువ ఒడ్డున బల్లలు వేసి, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ కూర్చోబెట్టే హోటళ్లు మీకు తెలిసినవే. అలాంటి ఒకదానిలో కూర్చున్నాం.

వెయిటర్ పళ్లెంలో పచ్చి బ్రాంజినో చేపను తెచ్చి చూపించాడు. నాన్నది గోదావరి ఒడ్డు. మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూశారు, వీపు మీద వేలితో నొక్కారు, "తాజాదే" అన్నారు. ఈ నాలుగు రోజుల్లో ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. "తూకం వేయరా? ఎంతట?" అని కూడా అడిగారు. "ఎనిమిది యూరోలే నాన్నా, మెనూలో రాసి ఉంది" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ కుమిలిపోతున్నాను.

బిల్లు 161 యూరోలు. మన డబ్బుల్లో పద్నాలుగు వేలకు పైమాటే. ఒక్క చేపకే 108. ఎనిమిది యూరోలు చేపకు కాదట, ఒక 'ఎట్టో'కు అట. ఎట్టో అంటే వంద గ్రాములు. చేప 1,350 గ్రాములు తూగిందట. తూచిన కాగితం చూపించమన్నాను. అతను నాన్న పళ్లెంలో మిగిలిన ముల్లును పెన్నుతో చూపించి, "ఇప్పుడు ఏం తూయమంటారు?" అన్నాడు. తర్వాత మెనూ తెరిచి, ఆవగింజంత అక్షరాల కింద గోటితో గీసి, పక్క బల్లలవాళ్లకు వినపడేలా, "చదవడం వచ్చినవాళ్లే ఆర్డరు ఇవ్వాలి" అన్నాడు. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి ముందు!

ఆ ఇంగ్లీషు నాన్నకు అర్థమైంది. ఏమీ అనలేదు. ఖర్చులకు ఉంచుకోమని నేనిచ్చిన యాభై యూరోల నోటును జేబులోంచి తీసి, మడత విప్పి, బల్ల మీద పెట్టారు. నేను అక్కడే నిలబడి అడగాల్సింది. అమ్మ "గొడవ వద్దు, పద" అనేసరికి కార్డుతో కట్టేసి బయటికి వచ్చాను. శాంతా మార్గరీటా కూడలిలో రాత్రి సందడి చూపించాలనుకున్నాను. నాన్న గదికి వెళ్దామన్నారు. పడవలో స్టేషను దాకా ముగ్గురమూ మాట్లాడుకోలేదు.

చేప ధర ఎట్టో లెక్కన ఉంటే మీ కళ్ల ముందే తూయించండి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి, ఆ తర్వాతే వండమనండి. మనిషికింత అని వేసే 'కోపెర్తో' మెనూలో ఉంటే కట్టాల్సిందే. మాకు తలా 4 యూరోలు పడింది. పైగా సర్వీసు చార్జీ అని 12 శాతం వేశారు, అది కూడా ముందే చూసుకోండి. రసీదు ఇవ్వకపోతే 117కు ఫోన్ చేయవచ్చు, అది ఆర్థిక పోలీసుల నంబరు. ఊరివాళ్లు నిలబడి తినే బాకారో కొట్లలో గాజు అద్దాల వెనుక చికెట్టీ అనే చిన్న చిన్న చిరుతిళ్లు పెట్టి ఉంటాయి. మేము అక్కడే తినాల్సింది.

పొద్దున్నే నాన్నను రియాల్టో చేపల బజారుకు తీసుకెళ్తాను. అక్కడ చేపల పక్కనే కిలో ధర రాసిన చీటీలు గుచ్చి ఉంటాయి.