స్టొమాహెసివ్ పౌడర్: రసి పీలుస్తుంది, చీము మాన్పదు

కాన్వాటెక్ కంపెనీ వాళ్ల ఈ పౌడర్ 28.3 గ్రాముల సీసాలో వస్తుంది. ఉన్నవి పెక్టిన్, జెలటిన్, సోడియం కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్. తడి తగలగానే జిగురయ్యే పొడి, అంతే. ఇన్ఫెక్షన్‌ను తగ్గించే మందు ఇందులో లేదు. స్టోమా (మలమూత్రాలు బయటికి రావడానికి ఆపరేషన్ చేసి పొట్ట మీద తీసిన పేగు ద్వారం) చుట్టూ చర్మం ఒరుసుకుపోయి రసి కారుతుంటే మాత్రం దీనికి వంక పెట్టలేం.

వాడటంలోనే తప్పంతా జరుగుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. చపాతీ పీట మీద పిండి చల్లినట్టు పలచగా చల్లాలి. తడిగా ఉన్నచోట పొడి పట్టుకుంటుంది, మిగతాది వేలితో దులిపేయాలి. దులపకపోతే బేస్ ప్లేటు (సంచిని పట్టి ఉంచే జిగురు పలక) చర్మానికి కాక పొడికి అంటుకుని, పూట తిరక్కుండానే కారుతుంది. ఆ తర్వాత చర్మం మీద పలుచటి రక్షణ పొర వేసే, ఆల్కహాల్ లేని బారియర్ ఫిల్మ్ వైప్‌తో అద్దాలి, రుద్దకూడదు. అది ఆరాక పొడి, ఫిల్మ్ మళ్లీ ఒకటి రెండు పొరలు. రసి ఆగి చర్మం మానిపోయాక పౌడర్ ఆపేయాలి. పసుపు, కొబ్బరినూనె జోలికి వెళ్లొద్దు. నూనె తగిలిన చోట ప్లేటు నిలవదు.

ఎర్రదనం అంచు దాటి విడివిడిగా చిన్న పొక్కులు లేచి దురద పెడితే అది చాలావరకు క్యాండిడా ఫంగస్. మన ఎండాకాలపు చెమటకు ప్లేటు కింద బాగా పెరుగుతుంది. దానికి డాక్టరు రాసిన క్లోట్రిమజోల్ పౌడర్ కావాలి, క్రీము వద్దు. వెంట్రుకల మొదట్లో చీము పొక్కులుంటే తప్పు రేజరుది. ట్రిమ్మరుకు మారాలి. చర్మం వేడెక్కి ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోవద్దు.

స్టోమా వాపు విషయంలో ఈ సీసా చేయగలిగింది సున్నా. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల్లో స్టోమా కుదించుకుంటుంది. ఏళ్ల తర్వాత మళ్లీ వాచిందంటే చూడాల్సినవి హెర్నియా, పేగు బయటికి జారడం, లేదా ప్లేటు రంధ్రం బిగుతు. వాచిన రోజే మళ్లీ కొలిచి, ప్లేటు రంధ్రాన్ని స్టోమా కన్నా 2-3 మిల్లీమీటర్లు పెద్దగా కత్తిరించాలి. అంతకన్నా వదులైతే, ముఖ్యంగా ఇలియోస్టమీ (చిన్నపేగుతో చేసిన స్టోమా) వాళ్లకు, జీర్ణరసాలు ఆ ఖాళీలో చర్మాన్నే తినేస్తాయి. పౌడర్ ఎంత చల్లినా పుండు తిరగబెట్టడానికి చాలాసార్లు ఇదే కారణం.

జారి వాచిన పేగు మీద మామూలు పంచదార చల్లితే నీటిని లాగి వాపు దింపుతుంది. వినడానికి వింతే కానీ ఆసుపత్రుల్లో చేసే పనే. నర్సు దగ్గరుండి చూపించాకే చేయాలి, అదీ స్టోమా ఎర్రగా ఉంటేనే. ఊదాగానో నల్లగానో మారితే ఆ గంటలోనే ఆసుపత్రికి.

శాకాహారం పట్టింపున్నవాళ్లు జెలటిన్ సంగతి గమనించాలి, అది జంతువుల నుంచి తీసేది. సీసా బాత్రూములో పెట్టకండి, ఆవిరి తగిలితే పొడి గడ్డకడుతుంది.