ఒక భాష పుస్తకమా, రెండు భాషలదా?

గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటి పాప ప్రభుత్వ బడిలో చదువుతుంది. సైన్సు పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో.

ఇంగ్లీషు ఒక్కటే అచ్చువేస్తే కాగితం ఖర్చు, సంచి బరువు తగ్గుతాయి, నిజమే. కానీ ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియమే అంటూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో తెచ్చిన జీవో 81ను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది జాతీయ విద్యా విధానం సైన్సు, లెక్కలకు రెండు భాషల పుస్తకాలు కావాలంది.

పాప ‘ఫొటోసింథసిస్’ దగ్గర ఆగి తెలుగు పేజీ చూసింది. అక్కడ ‘కిరణజన్య సంయోగక్రియ’! బిక్కమొహం వేసింది. కానీ కింద ఆకు, ఎండ, నీరు అని చదివేసరికి దారి దొరికింది. వాళ్లమ్మ చదివించగలిగేదీ ఆ పేజీనే. ప్రభుత్వం డబ్బు దానికి పెట్టాల్సిందే, కాస్త తేలిక తెలుగులో రాయిస్తే.