అడ్వెంచర్ ఎడ్యుకేషన్ల మాస్టర్స్ చేసి ఆరేండ్లు: నా రివ్యూ

మాది నల్గొండ. అమెరికా పోయిన గానీ చదివింది కంప్యూటర్స్ కాదు, అడ్వెంచర్ అండ్ ఎక్స్‌పీరియెన్షియల్ ఎడ్యుకేషన్, అంటే గుట్టలెక్కుడు లాంటి సాహసాలతోని, అనుభవంతోని పిల్లలకు నేర్పుడు, రెండేండ్ల మాస్టర్స్. వాపస్ వచ్చి ఆరేండ్లు, అప్పటిసంది స్కూల్ పిల్లల్ని గుట్టలకు తీస్కపోవుడే నా పని. మా అమ్మ ఇప్పటికీ అంటది, గుట్టలెక్కుడు నేర్వనీకి అంత దూరం పోవాల్నా, లతీఫ్ సాబ్ గుట్ట ఊర్లనే ఉండె గదా అని.

అమ్మ మాట సగం కరెక్టే. తాళ్లు, హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీలు), బిలే (ఎక్కేటోడు పడకుండ ఇంకొకరు తాడు పట్టుకునుడు) కోసమైతే ఈ డిగ్రీ దండగ. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శురువు చేసింది మన భువనగిరి బండ మీదనే, పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు గూడ నిండలే. ఇంకా కావాల్నంటే ఉత్తరకాశీలనో డార్జిలింగ్‌లనో బేసిక్ కోర్స్ ఉంటది, నెల లోపే అయిపోతది, ఆ ఫీజు మా సెమిస్టర్ ఫీజు ముందు లెక్కల్నే రాదు.

మరి డిగ్రీల ఏం దొరికిందంటే, దిగినంక పిల్లల్ని కూసోబెట్టి మాట్లాడిపిచ్చుడు. డీబ్రీఫ్ అంటరు. డేవిడ్ కోల్బ్ అనే ఆయన 1984ల చెప్పిన చక్రం మొదటి సెమిస్టర్ అంతా రుద్దిండ్రు, అనుభవం, దాన్ని తిరిగి చూసుకునుడు, అండ్లకెళ్లి అర్థం తీసుడు, మళ్ల చేసి చూసుడు. ఇంత చిన్న ముచ్చటకు ఇన్ని పేపర్లా అనుకున్న అప్పుడు. ఇప్పుడు నేను అడిగేటియి మూడే ప్రశ్నలు: ఏమైంది? అయితే ఏంది? ఇగ ఏం జేద్దాం?

ఒకపారి భువనగిరిల తొమ్మిదో క్లాస్ పిలగాడు ఒకడు నేను ఎక్క సార్ అని మొండికేసిండు. ఆడ నేర్పిన పద్ధతిల, ఎంత దూరం ఎక్కాల్నో అసలు ఎక్కాల్నో వద్దో పిల్లలే తేల్చుకోవాలె, దాన్ని చాలెంజ్ బై చాయిస్ అంటరు. సరే అని వాన్ని నా ఎనక బిలే తాడు పట్టుకునే పనిల పెట్టిన. పొద్దుగూకినంక అందరు కూసున్నప్పుడు వాడే ఫస్ట్ నోరు తెరిచిండు, "నేను పట్టుకున్న అని వాడు బండ ఇడ్సిపెట్టిండు సార్, ఇంట్ల నాకు బైక్ తాళం గూడ ఇయ్యరు" అని. అందరు నవ్విండ్రు, వాడు నవ్వలే. ఈ చదువు లేకుంటే గా పూట వాన్ని ఎట్లన్న బతిమాలి ఎక్కిపిచ్చేటోణ్ణి, ఖరాబ్ చేసేటోణ్ణి.

ఇగ లోపాలు. ఆ చదువుల మొత్తం సలి దేశం లెక్కలే. అసలు ఇసొంటి చదువుకు పేరువడ్డ ఔట్‌వర్డ్ బౌండ్ అనే సంస్థ పుట్టిందే 1941ల వేల్స్ సముద్రం ఒడ్డున, యుద్ధం నడుస్తుంటే, గాలికి సలికి తట్టుకోవాలె అన్నట్టు. మాకు ఫస్ట్ ఎయిడ్‌ల మంచుకు వేళ్లు చచ్చుబడితే ఏం చెయ్యాల్నో వారం చెప్పిండ్రు, వడదెబ్బకు ఒక్క పూట. ఈడ మార్చి దాటినంక బండ మీద చెయ్యి పెడితే కాల్తది, నేను పొద్దున తొమ్మిదికల్లా తాళ్లు దింపేస్త. తేనెతుట్టెల సంగతైతే ఏ సిలబస్‌ల లేదు, దేవరకొండ కోటకు పోయిన ఫస్ట్ ట్రిప్పుల నాకే ఏడు కుట్టినయి.

ఉద్యోగం సంగతి ఇంకా కష్టం. మా కోర్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టుల లేకుండె, కాబట్టి ఓపీటీ, అంటే చదువైనంక ఆడ ఉద్యోగం చేసుకునే పర్మిషన్, 12 నెలలే, అప్పు తీర్చనీకి ఏ మూలకు సాలలే. ఈడికొస్తే ఒక కాలేజీల సర్టిఫికెట్ చూసి పీఈటీ పోస్టుకా అని అడిగిండ్రు. స్కూలోళ్లయితే ఇంకో రకం, డీబ్రీఫ్‌కు ఇరవై నిమిషాలు అడిగితే, ముందుగాల బ్యానర్ పట్టుకొని ఫోటో దిగుదాం సార్ బస్ లేటైతది అంటరు.

పోదామనుకునేటోళ్లు ముందు ఒక ఏడాది ఈడనే ఏదన్న క్యాంపుల పని చేసి చూడుండ్రి. పోయినా అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీల పని చేస్తే ఫీజు తగ్గిచ్చుడో జీతమిచ్చుడో) దొరికితేనే పోవాలె. నాకు రెండో ఏడాది దొరికింది, మొదటి ఏడాది అప్పు మొన్న దసరాకు తీరింది.