ఫ్రీబీఎస్‌డీలో ఫ్లాష్ నడిపిన రాపర్: చాలా ఏళ్ల వాడకం తర్వాత

లినక్స్‌లాగే ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ. దాని ఇన్‌స్టలేషన్, ఫైల్ సిస్టమ్ సంగతులు చాలామంది రాశారు. నేను చెప్పాలనుకున్నది లినక్స్ ప్లగిన్లని ఫ్రీబీఎస్‌డీ బ్రౌజర్‌లో నడిపించిన ఎన్‌ఎస్‌ప్లగిన్‌రాపర్ అనే ప్రోగ్రామ్ గురించి. డెస్క్‌టాప్ మీద నేను వాడిన వాటిలో నాకు ఇంత నచ్చినవి తక్కువ.

వెబ్‌సైట్లలో వీడియోలు ఆడించే ఫ్లాష్ ప్లగిన్ ఫ్రీబీఎస్‌డీ కోసం విడిగా రాలేదు. లినక్స్ ప్లగిన్‌నే తెచ్చుకుని, కెర్నల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని) లినక్స్ అనుకూలత సదుపాయం మీద నడుపుకోవాల్సి వచ్చేది. ఇది వర్చువల్ మెషీన్ కాదు. లినక్స్ ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌కి, అంటే కెర్నల్‌ని అడిగే పనులకి, కెర్నలే నేరుగా జవాబిస్తుంది కాబట్టి వేగం తగ్గినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఆ లినక్స్ ప్లగిన్‌కీ మన ఫైర్‌ఫాక్స్‌కీ మధ్య దుబాసీ ఈ రాపర్. ప్లగిన్‌ని బ్రౌజర్ లోపల కాకుండా ఎన్‌పీవ్యూయర్ అనే వేరే ప్రాసెస్‌లో నడిపేది. ప్లగిన్ కూలిపోతే వీడియో ఉన్నచోట బూడిదరంగు పెట్టె మిగిలేది, అంతే. పక్క ట్యాబ్‌లో సగం నింపిన రైలు టికెట్ ఫారం చెక్కుచెదరకుండా ఉండేది. అప్పట్లో అది ఎంత ఊరటో!

ఇబ్బంది పెట్టింది లినక్స్ బేస్ (లినక్స్ ప్రోగ్రాములకి కావాల్సిన ఫైళ్ల కట్ట) ఫెడోరా 10 నుంచి సెంటాస్ 6 అనే మరో లినక్స్ రకానికి మారినప్పుడు. ప్యాకేజీలన్నీ ఏ ఎర్రరూ లేకుండా అప్‌గ్రేడ్ అయ్యాయి. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే ప్లగిన్ల జాబితాలో ఫ్లాష్ లేదు. లినక్స్ మాడ్యూల్ లోడ్ అయి ఉంది, లినక్స్ ప్రోగ్రాములకి కావాల్సిన లిన్‌ప్రాక్ ఫైల్ సిస్టమ్ మౌంట్ అయి ఉంది, ప్లగిన్ ఫైలు కూడా డిస్క్ మీద ఉంది. మరి ఏమైనట్టు? టెన్షన్‌తో అర్ధరాత్రి దాకా వెతికితే హోం డైరెక్టరీలో మొజిల్లా ఫోల్డర్ కింద దొరికింది సంగతి. రాపర్ తయారుచేసుకున్న ఫైలులో ప్లగిన్ పాత దారే ఉంది. కొత్త ప్యాకేజీ ప్లగిన్‌ని వేరే డైరెక్టరీలో పెట్టింది. ఆ ఫైలు తీసేసి రాపర్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేయించగానే బొమ్మ, శబ్దం రెండూ వచ్చాయి. ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేసేటప్పుడే ఈ మాట ఒక్క లైనులో చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

వేరే ప్రాసెస్ అని పొగిడాను కానీ, ట్యాబ్ మూసినా ఎన్‌పీవ్యూయర్ ఒక్కోసారి చావకుండా సీపీయూ తింటూ కూర్చునేది. ఫ్యాన్ మోత విని కిల్ చెయ్యడం నాకు అలవాటైపోయింది.

2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ కథ ముగిసింది. ఇప్పుడు అడ్డు వైడ్‌వైన్, సినిమా సైట్ల వీడియోలకి వేసిన తాళం తీసే భాగం. అదీ ఫ్రీబీఎస్‌డీకి నేరుగా లేదు. ఫారిన్-సీడీఎం అనే పోర్ట్ (ఫ్రీబీఎస్‌డీకి అమర్చిన ప్యాకేజీ) లినక్స్ వైడ్‌వైన్‌ని మన ఫైర్‌ఫాక్స్, క్రోమియంలకి అందిస్తుంది, దాదాపు అదే పద్ధతిలో. అమ్మకి తెలుగు సినిమాలు పెట్టడానికి నాకు చాలు. మా పాత ల్యాప్‌టాప్ తెర చిన్నది కాబట్టి ఇలా చూసేటప్పుడు వీడియో రిజల్యూషన్ తగ్గినా తెలియదు. ఇంట్లో పెద్ద టీవీకి కలిపి చూసేవాళ్లకి, కమాండ్ లైన్ జోలికి వెళ్లనివాళ్లకి మాత్రం ఇదే వాడమని చెప్పలేను.