ఇసుక పెట్టె, ఇంట్లో అరగంట: మాట తగ్గిన పిల్లాడికి ఏది మేలు?

1996 నవంబరు తుపాను నాటికి నాకు తొమ్మిదేళ్ళు. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత చాలా రోజులు మా వీధి పిల్లలం ఒకటే ఆట ఆడాం. ఇసుకలో ఈనుపుల్లలు వరసగా గుచ్చడం, అందరం కలిసి ఊది పడగొట్టడం, మళ్ళీ గుచ్చడం. "ఏం పాడు ఆటర్రా ఇది" అని పెద్దవాళ్ళు తిట్టేవారు. మేం మానలేదు. కొన్నాళ్ళకి దానంతట అదే ఆగిపోయింది.

అక్క కొడుకు వల్ల అది మళ్ళీ గుర్తొచ్చింది. అక్క కువైట్ వెళ్ళి ఏడాదిన్నర అవుతోంది. ఏడేళ్ళ పిల్లాడు అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు, మాట తగ్గింది. ముందు పిల్లల డాక్టరుకి చూపించాం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, షుగరు లాంటివి లేవని తేలాకే మనసు సంగతి. ఈ వరస మార్చకండి. దిష్టి అంటారా, మా అమ్మ అప్పటికే మూడుసార్లు తీసేసింది. నేను అడ్డు చెప్పలేదు.

పక్క తడపని రోజుకి ఒక స్టార్ అంటించే చార్టు పెట్టమని తెలిసినవాళ్ళు చెప్పారు. నిద్రలో జరిగేది వాడి చేతిలో లేనప్పుడు స్టార్ దేనికి? నాలుగు రోజుల్లో తీసేశాను. ఇక మిగిలినవి మూడు దారులు.

మొదటిది ఇసుక పెట్టె. నన్ను బాగా ఊరించింది ఇదే. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరమ్మ 1920ల చివర లండన్‌లో పిల్లల కోసం క్లినిక్ పెట్టి, ఇసుక పళ్ళెం, చిన్న చిన్న బొమ్మలు అందుబాటులో ఉంచితే, పిల్లలు వాటిని కలిపి 'ప్రపంచాలు' కట్టడం మొదలుపెట్టారట. ఆమె దగ్గర నేర్చుకున్న స్విట్జర్లాండ్ ఆవిడ డోరా కాల్ఫ్, దానికి మనోవైద్యుడు యుంగ్ ఆలోచనను జోడించారు. మనసు అడుగున ఉన్నది మాటగా రాలేనప్పుడు బొమ్మగా, ఆటగా, ప్రతీకగా వస్తుందని ఆ ఆలోచన. యుంగ్ స్వయంగా, 1913లో మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్‌తో తెగతెంపులయ్యాక, మధ్యాహ్నం భోజనం చేసి సరస్సు ఒడ్డున రాళ్ళు ఏరి చిన్న ఊరు కట్టేవారు. నలభై దగ్గరపడిన మనిషి!

కాల్ఫ్ పెట్టె సుమారు 72 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 7 లోతు. లోపల నీలం రంగు. ఇసుక పక్కకి తోస్తే నీళ్ళు కనిపించినట్టుంటుంది. గోదావరి ఇసుకలో చెలమ తవ్విన పిల్లలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. విశాఖలో ఇసుక పెట్టె ఉన్న ఒక సైకాలజిస్ట్ దగ్గరకి తీసుకెళ్తే, మావాడు ఆ గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే తవ్వాడు. పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకి ఒక కాలువ తీసి, మధ్యలో రెండు అగ్గిపెట్టెలు అడ్డంగా నిలబెట్టాడు. లాకులు! నాకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయినట్టనిపించింది. వాడు అటు తిరగగానే, "అమ్మ ప్రేమకి గేట్లు పడ్డాయన్నమాట, అంతేనాండీ?" అన్నాను. ఆ సైకాలజిస్ట్ నవ్వి, "వాడింకా కట్టడం పూర్తి చెయ్యలేదండి" అన్నారు.

ఈ పద్ధతిలో గొప్పతనం అక్కడే ఉంది. పాము అంటే ఇది, నీళ్ళంటే అది అని నిఘంటువు తెరిచి చదివేది కాదు. పిల్లాడు కడతాడు, పెద్దమనిషి పక్కన ఊరికే కూర్చుని చూస్తుంది. పిల్లాడు వెళ్ళాకే ఫోటో తీసి, పెట్టె సర్దుతారు. ఒక్క పెట్టె చూసి తీర్పు చెప్పరు, వారాల తరబడి వరసలో ఏం మారుతోందో చూస్తారు.

మాకు అడ్డం పడింది ఆ 'వారాల తరబడి' దగ్గరే. మా ఊరి నుంచి విశాఖ ఐదారు గంటలు. పోనూ రానూ రెండు రోజులు, వాడికి బడి పోతుంది, నాకు సెలవు పోతుంది. మూడుసార్లు వెళ్ళి మానేశాం. సగంలో మానేయడం అసలు మొదలుపెట్టకపోవడం కంటే మంచిదేమీ కాదని ఇప్పుడు అనిపిస్తోంది. వాడు రెండు వారాలు "మళ్ళీ ఎప్పుడు?" అని అడిగాడు.

రెండో దారి ఆ సైకాలజిస్టే చూపించారు. పిల్లాణ్ణి ఆడించడం ఇంట్లో వాళ్ళకే నేర్పే పద్ధతి. 1960లలో అమెరికాలో గెర్నీ అనే సైకాలజిస్ట్ దంపతులు మొదలుపెట్టారు, తర్వాత పిల్లలకి ఆటతో చికిత్స చేసే లాండ్రెత్ దాన్ని పది పాఠాలకి కుదించారు. ఆ పాఠాలు మేం ఫోన్‌లోనే నేర్చుకున్నాం. వారానికొక రోజు, అదే చోట, అరగంట. దానికి విడిగా ఒక సంచి. మా సంచిలో లక్కపిడతలు, రెండు గేదెలు, పడవ, విమానం, గుడ్డబొమ్మ, ఒక తాడు. ఆ అరగంటా పిల్లాడిదే పెత్తనం. పాఠం చెప్పకూడదు, ప్రశ్న వెయ్యకూడదు, "శభాష్" కూడా అనకూడదు. చూసింది చూసినట్టు చెప్పాలి: "పడవని అవతలి గట్టుకి తోస్తున్నావు." కొట్టబోతే: "కోపమొచ్చింది నీకు. నేనున్నది కొట్టించుకోవడానికి కాదు, కావాలంటే ఆ బొమ్మని కొట్టు."

అమ్మమ్మకి ఇది మహా కష్టమైంది. మొదటివారం పది నిమిషాలు కాకుండానే, "అది ఆవు కాదు నాన్నా, గేదె" అనేసింది. వాడు సంచి మూసేశాడు. నాలుగోవారానికి నోరు కట్టుకోవడం అలవాటైంది. ఏడోవారం వాడు ఆమెకి లక్కపిడతలో ఇసుక అన్నం వడ్డించి, తినకపోతే కువైట్ పంపించేస్తానని బెదిరించాడు. ఆమె ఏమీ అనలేదు, అన్నం తిన్నట్టు నటించింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది.

2005లో సూ బ్రాటన్ అనే పరిశోధకురాలి బృందం ఆటతో చేసే చికిత్స మీద వచ్చిన 93 అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, నిపుణులు ఆడించినప్పటికంటే తర్ఫీదు పొందిన తల్లిదండ్రులు ఆడించినప్పుడే ఫలితం ఎక్కువగా కనిపించింది. ఆ అధ్యయనాలన్నీ ఒకే నాణ్యతవి కావన్న విమర్శ ఉంది. అయినా ఖర్చు ఒక సంచి, అరగంట. మాలాంటి ఇళ్ళకి నా ఓటు దీనికే.

మూడోది ఇంట్లో అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకోవడం. ఒక శుక్రవారం అక్కకి సెలవు, వీడియో కాల్‌లో ఉంది. గంటలోపే రెండు సంగతులు బయటపడ్డాయి. అక్క రోజూ పని ముగించుకుని రాత్రి పదింటికి ఫోన్ చేసేది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అంటే మనకి పన్నెండున్నర. పిల్లాడు నిద్రపోయాడనే అందరం అనుకుంటున్నాం, వాడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. రెండోది, "ఏడవకు, అమ్మ బాధపడుతుంది" అని ఇంట్లో అందరం వాడికి చెబుతూ వచ్చాం. మాట ఎందుకు తగ్గిందో నేను విశాఖ దాకా వెళ్ళి వెతికాను!

చావు, వేధింపు, వరద లాంటిది చూసి నోరు పెగలని పిల్లలకైతే ఇంటి సంచి చాలదు, తర్ఫీదున్న మనిషి కావాలి. అప్పుడు ఎంత దూరమైనా ఇసుక పెట్టె దగ్గరకి వెళ్ళమంటాను, నెలల తరబడి వెళ్ళగలిగితేనే. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్ళకి వాళ్ళని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటపడొద్దు. దగ్గర్లో కావాలంటే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మావాడు ఇంకా అప్పుడప్పుడు పక్క తడుపుతున్నాడు. అక్క ఇప్పుడు శుక్రవారం పగలు ఫోన్ చేస్తోంది. మొన్న ఆ అరగంటలో వాడు ఫోన్‌ని అమ్మమ్మ చేతిలోంచి తీసుకుని సంచి పక్కన నిలబెట్టాడు. "అమ్మా, నువ్వు మాట్లాడకూడదు. చూడాలంతే" అన్నాడు.